నీళ్ళకి గడి లేదు

జనవరి 22, సోమవారం

ఆ సాయంత్రం అమ్మ తలుపు వేసుకుని మాకు సంగటి పెట్టింది. పెద్దమ్మ ఇక రాదని తెలిసి వేసిందా, రాకూడదని వేసిందా?

ముప్ఫై రెండేళ్ళయింది. తొంభై రెండు కరువునాటికి నాకు పదమూడు. అమ్మా, వాళ్ళక్క ఎనెలెసి పెద్దమ్మా పిల్లలందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెంచినవాళ్ళు. ఒకరోజు ఆ చాప వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చింది. తలుపు పడింది. అంతవరకే గుర్తు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. పెద్దమ్మ ఇప్పుడు జోంబా పట్నంలో నా దగ్గరే ఉంది, ఈ గోడకి అవతల. అడగొచ్చు. అడగను.

ఇది ఇవాళ ఎందుకు రాస్తున్నానో తెలుసు. మా గణాంకాల ఆఫీసు వాళ్ళ ఇళ్ళ ఖర్చుల సర్వే మొదలైంది. ఎంపికైన ఇల్లు రెండు వారాలపాటు తాను తిన్నదీ కొన్నదీ పుస్తకంలో రాయాలి. నంబిరా ఊళ్ళో పదహారు ఇళ్ళు నా కింద ఉన్నాయి. దేశం మొత్తం ఏడాదికి ఎంత వాడుకుందో చివరికి ఈ పుస్తకాల్లోంచే తేలాలి. ఇళ్ళు వాడుకున్నది ఒక వరస, ప్రభుత్వం వాడుకున్నది ఇంకో వరస. పదిహేడేళ్ళుగా నా బతుకు ఆ రెండు వరసల మధ్య.

పదహారు ఇళ్ళ చేత రాయిస్తూ నేను మాత్రం రాయకపోవడం ఏం న్యాయం అనిపించింది.

జనవరి 24, బుధవారం

డీజిల్ క్యూలో మూడు గంటలు. నడుము నొప్పి.

జనవరి 29, సోమవారం

బాకలి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు సరిచూసేది అతనే. సరస్సు వైపు యావో తెగ మనిషి, యాభై దాటాయి. నేను లోమ్వే తెగదాన్ని కనక, మావాళ్ళు ఎలుకలు తింటారని నన్ను ఆటపట్టించడం తన జన్మహక్కు అనుకుంటాడు.

"మేడమ్, మీవాళ్ళు పుల్లకి గుచ్చిన ఎలుకలు కొన్నారు. నాలుగు. అవి కూడా రాయాలా?"

"రాయాలి. ఎలుకలకి గడి ఉంది."

"ఉంటుంది మరి! ఫారం తయారుచేసింది మీవాళ్ళే అయ్యుంటారు."

నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. తర్వాత అతను ఫలెసి ఇంటి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"ఇది చూడండి. ఇంట్లో ఐదుగురు. రోజుకి ఐదు కిలోల మొక్కజొన్న పిండి. మనిషికో కిలో! జనవరి నెల, ఊళ్ళో గాదెలన్నీ ఊడ్చుకుపోయాయి. ఈ ఇంట్లో ఏనుగుల్ని పెంచుతున్నారా ఏంటి?"

అబద్ధం రాసిందనుకున్నాను. సిగ్గుపడి ఎక్కువ రాసేవాళ్ళు ఉంటారు. రేపు వెళ్ళి చూడాలి.

జనవరి 30, మంగళవారం

అబద్ధం కాదు. ఫలెసిది నాలుగిళ్ళ వాకిలి. నలుగురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ అమ్మ ఇచ్చిన నేల. ఎవరి పొయ్యి వాళ్ళకుంది, కానీ పొద్దు వాలేవేళకి అందరి పిండీ కూరా ఫలెసి పొయ్యి మీదికే వస్తాయి. ఒకే కుండ. ఆడవాళ్ళూ పిల్లలూ ఒక చాప మీద, మగవాళ్ళకి పళ్ళెం బయటికి. మొత్తం పదిహేడు మంది. మన లిస్టులో ఉన్నది ఫలెసి ఇల్లొక్కటే. తన పొయ్యి మీద ఉడికింది కాబట్టి అంతా తన పుస్తకంలో రాసుకుంది. ఏడో తరగతి దాకా చదివిన దస్తూరి, గుండ్రంగా, ముచ్చటగా ఉంది.

నా చిన్నప్పటి చాప గుర్తొచ్చింది.

ఇలాగే వదిలేస్తే పదిహేడు మంది తిన్నది ఐదుగురి పేరున పడుతుంది. ఫలెసి ఊళ్ళో అందరికన్నా డబ్బున్నదైపోతుంది. వచ్చే ఏడాది సాయం సొమ్ము ఏ ప్రాంతానికి వెళ్ళాలో తేల్చేటప్పుడు ఈ అంకెలు కూడా చూస్తారు. ఆమే అడిగింది, "బోమా అమ్మగారూ, ఇందులో రాసినదాన్ని బట్టి మా సొమ్ము ఆగిపోదు కదా?" అని. బోమా అంటే ప్రభుత్వం. నేను ఆ ఊరి దృష్టిలో ప్రభుత్వాన్ని.

"ఆగకూడదనే చెప్తున్నానక్కా. ఇవాళ్టినుంచి ఎవరు ఏం తెచ్చి కుండలో వేశారో విడివిడిగా రాయి. నీ వాటా నీకు తేలుతుంది."

"ఎవరేం తెచ్చారో రాయడమా?" అంది. నవ్వింది కూడా. "మేం ఎప్పుడూ చూసుకోలేదు."

వాళ్ళ మంచికే.

ఫిబ్రవరి 2, శుక్రవారం

మొత్తం రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

నేను వెళ్ళేసరికి వంట అయింది. చాప పరిచారు. నలుగురూ ఉన్నారు. ఫలెసి, తర్వాతి ఇద్దరు, అందరికన్నా చిన్నది మెలియా. మెలియాకి ముప్ఫై ఉండవు, ముగ్గురు పిల్లలు. మొగుడు జోహాన్నెస్‌బర్గ్ వెళ్ళాడు. మొదటి ఏడు డబ్బు పంపాడు, రెండో ఏడు కబురు పంపాడు, ఇప్పుడు ఏమీ లేదు.

"మెలియా మొగుడు కూడా చాప మీదికి వస్తాడు, ఫోటోలో," అంది రెండో ఆమె. అందరూ నవ్వారు. మెలియా అందరికన్నా గట్టిగా నవ్వింది.

బాకలి స్ప్రింగు తక్కెడ తగిలించి పిండి తూచాడు. నేను పుస్తకం తీశాను. సరిచూసుకోవాలంటే పైకి చదవడం మా అలవాటు. మనిషి ఎదురుగా చదివితే తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి. ఎన్నో ఊళ్ళలో అలాగే చేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

"మంగళవారం. ఫలెసి, పిండి మూడు పళ్ళేలు. రెండో ఆమె, గుమ్మడాకు ఒక కట్ట, పిండి ఒక పళ్ళెం. మూడో ఆమె, చేపలు ఒక కుప్ప. మెలియా..."

ఆ గడి ఖాళీ.

"మెలియా?" అన్నాను. తలెత్తి కూడా చూడలేదు. కలం పట్టుకుని ఉన్నాను.

నేను తర్వాతి వరస చదివాను. బుధవారం. ఫలెసి, పిండి. రెండో ఆమె, పిండి. మూడో ఆమె, వేరుశనగ పొడి. మెలియా. మళ్ళీ ఖాళీ. గురువారం. మళ్ళీ.

మూడుసార్లు ఆ పేరు చదివాను. మూడుసార్లూ అడిగాను.

"నీళ్ళు," అంది ఫలెసి. "నీళ్ళు రాయండి అమ్మగారూ. మా అందరికీ నీళ్ళు మెలియానే తెస్తుంది. ఇక్కడి బోరు చెడిపోయింది. బడి దగ్గర బోరు దాకా వెళ్ళాలి. పొద్దున మూడు బకెట్లు, సాయంత్రం మూడు."

బాకలి నావైపు చూశాడు.

"నీళ్ళకి గడి లేదక్కా," అన్నాను.

"అదేంటి? నీళ్ళు లేకుండా సంగటి ఎలా ఉడుకుతుంది?"

"కొన్న నీళ్ళయితే రాస్తాం. ఇవి కొనలేదు కదా."

"కొనలేదు. మోసింది," అంది ఫలెసి.

నేను గడిలో సున్నా వేశాను. ఖాళీగా ఉంచితే కంప్యూటర్ ఒప్పుకోదు. మూడు సున్నాలు. మెలియా చాప అంచున కూర్చుని నా కలం వైపు చూస్తోంది. ఆమె చిన్నకూతురు అప్పటికే చేయి కడుక్కుని పళ్ళెం వైపు జరిగింది. మెలియా దాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. గట్టిగా కాదు. ఊరికే, ఈగని తోలినట్టు.

మాకు కూడా పెట్టారు. తిన్నాను. వద్దంటే బాగుండదు.

ఫిబ్రవరి 3, శనివారం

వాన. బట్టలు ఆరలేదు. నా తప్పేం లేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

బాకలి ఇవాళ జోకులేవీ వెయ్యలేదు.

"చిన్నామె రావడం మానేసింది మేడమ్. శనివారం నుంచి."

"చాప మీదికా?"

"చాప మీదికీ, పొయ్యి దగ్గరికీ. పిల్లల్ని కూడా పంపడం లేదు. ఫలెసి వాకిట్లో నిలబడి పిలుస్తోంది. 'మా కడుపులు నిండాయక్కా' అని లోపల్నుంచి జవాబు."

"మరి ఏం వండుతోంది?"

"పొగైతే వస్తోంది. ఏం వండుతోందో నేనెలా చూస్తాను? ఆ ఇల్లు మన లిస్టులో లేదు కదా."

వెక్కిరించడానికి అన్నాడో, ఉన్నమాట అన్నాడో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను.

"నీళ్ళు?" అని అడిగాను.

"ఆమెకి కావాల్సినవి ఆమె తెచ్చుకుంటోంది. ఒక్క బకెట్."

రేపటితో పుస్తకం ముగుస్తుంది. తర్వాత వాళ్ళే సర్దుకుంటారు. అక్కచెల్లెళ్ళన్నాక ఇలాంటివి వస్తుంటాయి.

ఫిబ్రవరి 7, బుధవారం

పుస్తకం చేతికొచ్చింది. రెండో వారం చాలా శుభ్రంగా ఉంది. ఎవరి వాటా వాళ్ళకి తేలింది, ఎక్కడా కొట్టివేత లేదు. ఈ వారం లెక్కన ఫలెసి ఇల్లు పేదరికం గీతకి బాగా కింద. మొదటి వారం లెక్కన చాలా పైన. మొదటి వారాన్ని రెండోదాన్ని బట్టి సరిదిద్దమని పైనుంచి చెప్పారు. సబబే.

అంటే, వాళ్ళు కలిసి తింటే ఉన్నవాళ్ళు, విడిగా తింటే లేనివాళ్ళు. నేను విడదీసినందువల్ల వాళ్ళకి సాయం సొమ్ము రావడానికి ఒక ఆధారం దొరికింది. మంచే జరిగింది.

మంచే అని రాయడం ఇది మొదటిసారి అనుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను. రెండోసారి.

ప్రభుత్వం వరస కూడా పూర్తి చేశాను. అందులో నా జీతం ఉంది, బాకలి భత్యం ఉంది, నంబిరాకి మూడుసార్లు వెళ్ళొచ్చిన డీజిల్ ఉంది. ఆ డబ్బుతో పదిహేడు మందికీ ఆ పద్నాలుగు రోజులూ సంగటి వచ్చేది. పైగా అది వాళ్ళకి అందిన సేవ కిందే లెక్క. ప్రభుత్వం పెట్టే ఖర్చు జనం కోసమే అని మా నియమం. నేను వెళ్ళి ఆ చాప దగ్గర కూర్చుని మూడు సున్నాలు వెయ్యడానికి అయిన ఖర్చు కూడా.

ఫిబ్రవరి 12, సోమవారం

పెద్దమ్మ ఇంకా రోజూ ఒక పళ్ళెం ఎక్కువ తీసి మూతపెట్టి ఉంచుతుంది. ఎవరైనా వస్తారని. ఎవరూ రారు. పొద్దున్నే అది నేనే తింటాను.

సాయంత్రం తింటున్నప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"పెద్దమ్మా, కరువప్పుడు మనింటి చాపకి నువ్వేం తెచ్చేదానివి?"

"ఇదేం ప్రశ్నే ఎలూబే! మీ ఆఫీసు ప్రశ్నా?"

"నా ప్రశ్నే."

"కట్టెలు. ఆ కొండ మీదినుంచి. మీ పెదనాన్న పోయాక నాకు చేనెక్కడిది? పిండి మీ అమ్మది, కట్టెలు నావి."

"కట్టెలకి గడి ఉంది," అన్నాను.

"ఏం గడి?"

"ఏం లేదులే. మరి ఎందుకు మానేశావు రావడం?"

చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. తీరిగ్గా, ఒక్కొక్కటీ. ఎనభై రెండేళ్ళ చేతులు.

"మీ అమ్మ ఒకరోజు పిండి కలుపుతూ, ఇవాళ కాస్త పలచగా ఉంటుంది అక్కా అంది. అంతే అంది. నా కోసం అందో, ఊరికే అందో. మర్నాడు నాకు లేవబుద్ధి కాలేదు."

"అమ్మ తలుపు వేసింది ఆరోజేనా?"

"తలుపా?" నావైపు చూసింది. "మీ అమ్మ తలుపు వేసిందా?"

ముప్ఫై రెండేళ్ళు ఆమెకి తెలియదు. నా నోటితో నేనే చెప్పాను.

పెద్దమ్మ మిగిలిన పళ్ళెం మీద మూత పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకుంది.

ఫిబ్రవరి 13, మంగళవారం

నియమాల పుస్తకం తీశాను. యూనివర్సిటీలో పరీక్షకి చదివిందే. ఇంటి అవసరానికి మోసుకొచ్చిన నీళ్ళు కూడా ఉత్పత్తే, వీలైతే విలువ కట్టి లెక్కలో చేర్చాలి అని స్పష్టంగా ఉంది. ఆ పేరా కింద నా చేత్తో గీసిన గీత కూడా ఉంది, ఇరవై మూడేళ్ళ నాటిది.

ఫారంలో గడి లేకపోవచ్చు. అంచున జాగా ఉంది. "నీళ్ళు, ఆరు బకెట్లు, మెలియా" అని అంచున రాయగలిగేదాన్ని. నాకు తెలుసు. అక్కడ కూర్చున్నప్పుడు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. పేజీ చెడుతుందని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

పెద్దమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. పళ్ళెం మాత్రం ఎక్కువ తీయడం లేదు.

మార్చి 14, గురువారం

నంబిరా వెళ్ళాను. ఆఫీసు పని లేదు. మినీబస్సులో, సొంత ఖర్చుతో. ఇది ఇళ్ళ వరసలోకి వస్తుంది అని నవ్వుకున్నాను. వానలు సరిగా పడక చేలు సగం ఎండాయి, అయినా అక్కడక్కడ పచ్చి మొక్కజొన్న పొత్తులు పాలు పోసుకున్నాయి. తొలి పొత్తులు ఆ వాకిట్లో అందరూ కలిసి తినాలి. అది మాట్లాడుకునే విషయం కూడా కాదు వాళ్ళకి.

రెండు పొగలు కనిపించాయి.

ఫలెసి నన్ను చూసి చాప పరిచింది. సర్వే ముగిసినా రాయడం మానలేదు. బడి నోటుబుక్కు ఒకటి కొనుక్కుంది. "మీరు నేర్పిందే కదా అమ్మగారూ. రాస్తుంటే ఏం పోతోందో తెలుస్తోంది," అంటూ నా చేతిలో పెట్టింది. పైకి చదవలేదు. లోపల్లోపలే చదువుకున్నాను. నా గడులే, స్కేలు పెట్టి గీసింది, మెలియా రావడం మానేసిన శనివారం నుంచి. చివర ఇంకొక గడి ఎక్కువ. పైన "నీళ్ళు" అని ఉంది.

శనివారం: నీళ్ళు, మేమే. మెలియాని పిలిచాను.
ఆదివారం: నీళ్ళు, మేమే. పిలిచాను.
సోమవారం: మేమే. పిలిచాను.
మంగళవారం: పిలిచాను.
బుధవారం: పిలిచాను.
గురువారం: పిలవలేదు. తనే వస్తుందేమో అని చూశాం. సంగటి చల్లారింది.

ఆ తర్వాత రోజుల్లో "మేమే" అని మాత్రం.

"వెళ్ళి ఒకసారి పిలవొచ్చు కదక్కా," అన్నాను.

"ఐదుసార్లు పిలిచినదాన్ని. దానికీ కాళ్ళున్నాయి," అంది. కానీ నేను లేచేసరికి ఆమె కళ్ళు మెలియా వాకిలి వైపే ఉన్నాయి.

మెలియా ఇంటికి వెళ్ళాను. ఇరవై అడుగులు. పిల్లలు చిక్కారు, నడుస్తున్నారు, ఆడుతున్నారు. ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలికి వెళ్తున్నానంది. నడుముకి చుట్టుకునే పాత చిటెంజె గుడ్డ నేల మీద పరిచి కూర్చోమంది. లోపల్నుంచి చెంబుతో నీళ్ళు, కింద బేసిన్ తెచ్చి నా చేతుల మీద పోసింది.

"కడుక్కోండి బోమా అమ్మగారూ. ఇవి రాయక్కర్లేదు. కొన్నవి కావు."

పోస్తూనే ఉంది. చెంబు ఖాళీ అయ్యేదాకా.

"నాది పొరపాటు మెలియా," అన్నాను.

"మీదేముంది. ఉన్నది చదివారు."

"అక్కలు ఎదురుచూస్తున్నారు."

చెంబు బోర్లించింది. నాతో కాదన్నట్టు, బేసిన్‌తో అన్నట్టు అంది: "అక్క ఐదు రోజులు పిలిచింది. ఎలా వెళ్ళను, చేతిలో ఏముందని? ఆరో రోజు మా చిన్నది ఏడ్చింది. సరే పోదాం, సిగ్గేముంది, అక్కే కదా అని లేచాను. గుడ్డ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను, పిలుస్తుంది, వెళ్దాం అని. ఆరోజు పిలవలేదు."

"ఆ మాట అక్కకి తెలుసా?"

"తెలియక్కర్లేదు. మీరు చెప్పకండి." ఒక్క క్షణం ఆగి, "మళ్ళీ నా పేరు ఆ చాప మీద పైకి చదవకండి," అంది.

తిరిగి బస్సు దాకా ఫలెసి వాకిలి ముందునుంచే నడవాలి. పొత్తులు కాలుస్తున్న వాసన. "వెళ్ళొస్తానక్కా," అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు.

మార్చి 17, ఆదివారం

ఫలెసి సర్వే పుస్తకం అంచున ఎర్ర సిరాతో రాశాను: మోసిన నీళ్ళు, రోజుకి ఆరు బకెట్లు, మొదటి పది రోజులు. కంప్యూటర్లోకి అది ఎక్కదు. రాశాను.

పెద్దమ్మ పొద్దున అడిగింది. "ఆ తలుపు. నేను రాకముందు వేసిందా, వచ్చే వేళ దాటాక వేసిందా?" గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. గడియ పడిన చప్పుడు గుర్తుంది. వాకిట్లో వెలుగు ఉందో లేదో గుర్తులేదు. "నేను ఆరోజు ఆ మలుపుదాకా వచ్చానేమో," అంది. "వచ్చి వెనక్కి తిరిగానేమో. నాకూ సరిగా గుర్తులేదే ఎలూబే."

నా కోసం కావాలనే అలా అందేమో. అమ్మ మీద నింద పడకుండా.

ఆ రెండు వాకిళ్ళ మధ్య ఉన్న ఒకే ఒక్క మాట ఇప్పుడు నా దగ్గర ఉంది. అక్క గురువారం ఎదురుచూసింది, చెల్లెలు గురువారం గుమ్మంలో నిలబడింది. చెప్తే రెండు పొగలు ఒకటి కావచ్చు. లేదా, అడక్కుండానే ఇంకోసారి ఆ పిల్ల పేరు చదివిన మనిషిని అవుతాను. చెప్పవద్దంది. ఆమె నన్ను అడిగిన ఒక్కటీ అదే. ఊరుకుంటే ఆమె మాట నిలబెట్టినట్టా, మళ్ళీ పేజీ చెడకుండా చూసుకున్నట్టా? ముప్ఫై రెండేళ్ళ తర్వాత మెలియా పిల్లల్లో ఒకరు, నాలాగే, చప్పుడు గుర్తుపెట్టుకుని వెలుగు మర్చిపోతారు.

నంబిరా బస్సు రేపు ఏడింటికి. వెళ్ళాలో వద్దో నాకు తెలియడం లేదు.